కరియ వంతు

ఆ పొద్దు ఆకాశంలోకి సూర్యుడికంటే ముందు గద్దలు వచ్చాయి. మబ్బు తునక లేదు. తూర్పున ఎర్రమట్టి దుమ్ము పలుచగా లేచి ఉంది. వెలుతురు ఇంకా నేలకు దిగకముందే, మా కాలవ కింది మడి మీద నాలుగైదు గద్దలు ఒకే చోట చుట్లు కొడుతున్నాయి. గద్దలు అట్లా తిరిగాయంటే కింద ఏదో పడి ఉంటుంది. రెండో పంట కోసిన ఆ మడిలో ఎరువు కోసం శరణప్ప గొర్రెల మందను దింపాడు. ఏ గొర్రె పోయిందో చూద్దామని టవలు భుజాన వేసుకుని బయలుదేరాను. మా కరియ నాకంటే ముందే పరుగు తీసింది.

కరియ మా ఇంటి కుక్క. తోక కొసన చిటికెడు తెలుపు తప్ప ఒళ్ళంతా నలుపు. పిల్లగా ఉన్నప్పుడు నా భార్య అంజినమ్మ కాలవ గట్టు మీద దొరికితే కొంగులో వేసుకొచ్చింది. పగలంతా ఆమె వెనకాలే తిరుగుతుంది. మంద దిగినన్నాళ్ళు మాత్రం రాత్రి శరణప్ప దగ్గర కాపలా ఉండి, తెల్లారకముందే ఇంటికి వస్తుంది.

నేను వెళ్ళేసరికి శరణప్ప కంబళి పక్కన పెట్టి, తుమ్మచెట్టు కింద గొర్రె తోలు ఒలుస్తున్నాడు.

"ముసల్ది కేశవప్పా," అన్నాడు తల ఎత్తకుండానే. "నెమరేస్తా నెమరేస్తానే తల వాల్చేసింది. నాకూ అట్లే వస్తే బాగుండు."

కడుపు చీల్చి కార్జం బయటికి తీశాడు. దాని మీద తెల్లని బుడగలు ఉన్నాయి. ఒకటి రేగుపండంత, ఒకటి నిమ్మకాయంత. ఏటా దురుగమ్మ పండక్కి మా ఇంట్లో పొట్టేలు కోసినప్పుడు ఇట్లాంటివి చూస్తూనే ఉన్నాను. చూసి వదిలేయడమే. ఆ పొద్దు ఎందుకో చెయ్యి చాపాను.

"ఇదేంది శరణప్పా?"

"నీళ్ళ బుగ్గ. ముసలి గొర్రెల్లో ఉండేదే."

"లోపలికి ఎట్ల వస్తాది?"

"నీళ్ళు తాగుతాది కదప్పా. యాడో ఒక చోట నిలబడల్ల కదా!" అని నవ్వి, చిన్న బుగ్గను కోసి నా అరచేతిలో పెట్టాడు.

వెచ్చగా ఉంది. అప్పుడే పైకి వచ్చిన ఎండకు ఎదురుగా పట్టుకుని చూశాను. లోపల నీళ్ళు తేటగా ఉన్నాయి. అడుగున తెల్లని నలుసులు, మెత్తటి రవ్వ మాదిరి. చెయ్యి కదిపితే అవి లేచాయి, ఆపితే దిగాయి. ఇంకోసారి కదిపాను.

"ఏం చూస్తాండావప్పా అంతసేపు, జాతకమా?" అని శరణప్ప దాన్ని నా చేతిలోంచి తీసుకుని గాల్లోకి విసిరాడు. "కరియా, నీ వంతు!"

కరియ ఎగిరి గాల్లోనే అందుకుంది.

అదే వారం హచ్చొళ్ళి పశువుల ఆసుపత్రి నుంచి ఆటో ఒకటి మైకు పెట్టుకుని ఊళ్ళ మీద తిరిగింది. కుక్కలకు, పిల్లులకు పిచ్చికుక్క రోగం సూది వేస్తారు, చెకప్పు చేస్తారు, తీసుకురండి అని.

"కరియను తీస్కపోప్పా. పిల్లిని గూడా," అంది అంజినమ్మ.

మా అమ్మ బసవమ్మ వాకిట్లో మిరపకాయలు తొడిమలు తీస్తోంది. "మనుషులకే దిక్కు లేదు, కుక్కకు చెకప్పంట! రేపు ఎలకలకు గూడా చేస్తారేమో అడుగురా కేశవా."

"ఎలకలకు చేస్తే మన పిల్లి చేయల్ల అత్తా. అది అట్లే నిద్రపోతాంటాది," అంది అంజినమ్మ.

పిల్లిని గంపలో పెట్టి, పైన ఇంకో గంప బోర్లించి కట్టి, మోటారు బండి వెనక బిగించాను. అది హచ్చొళ్ళి దాకా నన్ను తిడుతూనే వచ్చింది. కరియ బండి పక్కన పరుగెత్తింది.

అక్కడి డాక్టరు కొత్తగా వచ్చిన అమ్మాయి, బిందుశ్రీ. బళ్ళారి కంటోన్మెంట్ దగ్గర పుట్టి పెరిగిందట. కుక్క చెవి తిరగేసి చూసింది, పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూసింది, కాలివేళ్ళ సందుల్లోంచి గోమార్లు ఒక్కొక్కటే పట్టుకారుతో తీసి సీసాలో వేసింది. కరియ ఎవరికీ అట్లా ఒళ్ళు అప్పగించదు. ఆమెకు అప్పగించింది. ఎట్లా పట్టుకుంటోందా అని చూశాను. ఎడమ చెయ్యి ఎప్పుడూ దాని మెడ కింద ఉంది. కుక్కకు ఆ చెయ్యి కనబడుతూ ఉంది.

"పురుగుల మాత్ర ఎప్పుడు వేసినారప్పా?"

"కుక్కకా?" అన్నాను. వెనక నిలబడినవాళ్ళు నవ్వారు.

మాత్ర బరువును బట్టి ఇయ్యాలట. అక్కడున్న తక్కెళ్ళలో ఒకటి దూడలను తూచే పెద్దది, ఒకటి కోళ్ళను తూచే చిన్నది, కుక్కకు రెండూ కుదరవు. పక్కన సొసైటీ గోదాములో వడ్లు తూచే కాటా మీద కరియను ఎత్తుకుని నిలబడ్డాను, తర్వాత ఒక్కణ్ణే నిలబడ్డాను. వడ్ల మూట కంటే తేలిక అని గుమస్తా తీర్పు చెప్పాడు. కరియ బెల్లం ముద్దలో పెట్టిన మాత్రను నమలకుండా మింగింది. పిల్లి మాత్రం తన మాత్రను మూడు మార్లు నా చొక్కా మీదికే ఉమ్మింది.

"ఇది మంద దగ్గర తిరుగుతాదా?" అని అడిగింది డాక్టరమ్మ.

"తిరుగుతాది."

"పచ్చి మాంసం?"

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. అయినా ఆ రవ్వ సంగతి నోట్లోంచి వచ్చేసింది. బుగ్గను ఎండలో పట్టుకున్నదీ, నలుసులు లేచి దిగినదీ చెప్పాను. ఆమె చేస్తున్న పని ఆపింది.

"మీ కంటికి కనిపించినాయా?"

"కదిపితే లేచినాయమ్మా."

"ఆ నలుసు ఒక్కొక్కటీ కుక్క పేగుల్లోకి పోయి ఒక పురుగవుతాది. బద్దె పురుగు జాతే, కానీ శానా చిన్నది. నూక గింజంత గూడా ఉండదు. కుక్కకేమీ కాదు, హాయిగా తిరుగుతాంటాది. ఆ పురుగు గుడ్లు కుక్క దొడ్డికి పోయినప్పుడు బయటికి వస్తాయి. గడ్డికి అంటితే గొర్రె తింటాది, గొర్రెలో మళ్ళీ బుగ్గ. కుక్క మూతికీ, బొచ్చుకీ అంటితే, దాన్ని నిమిరిన చేతికి..."

"మనిషిలోకి?"

"మనిషిలో గూడా బుగ్గే. ఎక్కువ కార్జంలోనే. ఏండ్ల తరబడి తెలవదు. మీ ఇంట్లో ఎవరన్నా కుడి డొక్క కింద బరువుగా ఉండాదంటారా?"

"ఎవరూ అనలేదు," అన్నాను.

నిజంగా ఎవరూ అనలేదు. కానీ బండి ఎక్కి కాలవ గట్టు మీదికి వచ్చాక, నా కళ్ళ ముందు ఒక బిందె కదిలింది. అంజినమ్మ బోరింగు దగ్గరి నుంచి బిందె తెచ్చేది ఎప్పుడూ కుడి నడుం మీద. కాపురానికి వచ్చినప్పటి నుంచి అంతే. కిందటి ఏడు వానలు పోయాక అది ఎడమకు మారింది. మారినప్పుడే చూశాను. ఎందుకు మారిందని నన్ను నేను అడగలేదు.

మాత్ర వేశాక కొన్నాళ్ళు కుక్కను కట్టేసి, అది దొడ్డికి పోయినదంతా పాతిపెట్టాలని, చేత్తో ముట్టొద్దని డాక్టరమ్మ చెప్పి పంపింది. నేను పారతో గుంత తీసి, పాతే ముందు ఒకసారి కట్టెపుల్లతో కదిపి చూస్తుండేవాణ్ణి. నూకంత కూడా లేనిది కంటికి ఆనుతుందా అని. ఏమీ ఆనలేదు. అమ్మ గోడ అవతలి నుంచి చూసి నోరు నొక్కుకుంది.

"తలకాయ నెరిసినాక ఇదేం పనిరా? కుక్క దొడ్డికి పోయిన కాడ గొంతుక్కూచుని ఏం ఎతుకుతాండావు?"

"పురుగు."

"దొరికితే నాకు గూడా చూపీ!"

హచ్చొళ్ళి నుంచి వచ్చిన సాయంత్రమే అంజినమ్మను అడిగాను. ఆమె పొయ్యి ముందు జొన్నరొట్టె తడుతోంది.

"ఏమ్మే, బిందె పక్క ఎందుకు మార్చినావు?"

రొట్టె మీద చెయ్యి ఆగింది. "ఎప్పుడో మారిస్తే ఇప్పుడు అడుగుతాండావా?"

"ఎందుకు?"

"కుడిపక్క ఒత్తితే బరువుగా ఉంటాది. గ్యాసులే. జీలకర్ర నీళ్ళు తాగుతాండా."

"బళ్ళారికి పోదాం."

ఆమె రొట్టెను పెనం మీద వేసి నా వైపు చూసింది. "కుక్కకు అయింది, పిల్లికి అయింది. ఇంక నా చెకప్పా?"

నవ్వుతూనే అంది. కానీ మరుసటి పొద్దున నేను చెప్పకముందే మంచి చీర కట్టుకుని వాకిట్లో నిలబడింది.

స్కానింగు గదిలోకి నన్నూ రానిచ్చారు. తెర మీద మొదట అంతా వాన మబ్బు మాదిరి ఉంది. డాక్టరు చేతిలోని యంత్రాన్ని కుడి డొక్క కింద ఆపగానే మబ్బులో ఒక నల్లని గుండ్రం తేలింది. అంచు తెల్లగా ఉంది. లోపల చిన్న చిన్న గుండ్రాలు, ఒకదానికొకటి ఆనుకుని. ఆయన చెప్పకముందే నాకు తెలిసింది. శరణప్ప నా అరచేతిలో పెట్టింది చిన్నది, ఇది పెద్దది. అంతే తేడా.

"తెంకాయంత ఉండాది. ఈపొద్దుదో నిన్నటిదో కాదు, శానా ఏండ్లది," అన్నాడు డాక్టరు. ముందు మాత్రలు కొన్ని వారాలు వాడాలట, తర్వాత ఆపరేషను. కడుపు మీద దెబ్బ తగలకూడదు, బరువు ఎత్తకూడదు, లోపల పగిలితే ప్రాణానికి వస్తుంది అని నాకు విడిగా చెప్పాడు. విడిగా చెప్పినా అంజినమ్మకు అర్థమైంది. తిరుగు బస్సులో సీటు ముందరి కడ్డీకి పొట్ట తగలకుండా రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కూర్చుంది. మోక ఊరు దాటాక ఒక్క మాట అంది.

"గొర్రె కడుపులోది నా కడుపులోకి వచ్చిందంటే, నేను గడ్డి తిన్నట్టేనా అప్పా?"

నేను కూడా నా చెయ్యి ఆ కడ్డీకి అడ్డం పెట్టాను. 

మా అమ్మ అంతా నిలబడే విన్నది. విని, స్తంభానికి కట్టి ఉన్న కరియను చూసింది. అది తోక ఊపింది.

"దాన్ని తీస్కపోయి ఏటి అవతల వదిలేసి రా," అంది.

"అత్తా!"

"నువ్వు మాట్లాడొద్దు. కొంగులో పెట్టుకోని తెచ్చినావు, ఇప్పుడు కడుపులో పెట్టింది. దురుగమ్మ పండగ లోపల ఆ కుక్క ఈ గడపలో ఉండకూడదు. ఉంటే నేనే పోతా మోకకు, నా తమ్ముని ఇంటికి."

అంజినమ్మ మెల్లగా అరుగు మీద కూర్చుంది. "దాన్ని తోలితే అది ఇంగో గడపకే పోతాది కదా అత్తా. ఆడ గూడా ఒక అంజినమ్మ ఉంటాది."

"ఉండనీ. ఆమె నా కోడలు కాదు."

అమ్మ అన్న మాట చేసే మనిషి. నాన్న పోయాక ఈ ఇంటి పండగ ఆమె చేతి మీదుగానే నడుస్తోంది. పొట్టేలును కోశాక పనికిరాని ముక్కలు, బుగ్గలు అన్నీ ఇనుప పళ్ళెంలోకి ఏరి, ముందు కుక్కకు వేస్తుంది. అది తిన్నాకే పొయ్యి మీదికి కుండ ఎక్కుతుంది. ఊరి కాపలా దురుగమ్మది, ఇంటి కాపలా కుక్కది, కాపలావాళ్ళ నోరు తడవకుండా మనం తినకూడదని ఆమె నమ్మకం. వాళ్ళ అత్త దగ్గర నేర్చుకుంది.

పండగ దగ్గర పడుతోంది. కరియ సంగతి నా మీద పడింది. ఏటి దాకా ఒక పొద్దు దాన్ని తీసుకుని పోయాను కూడా. నీళ్ళు మోకాలు లోతు. అది దాటి అవతలి గట్టున నిలబడి, నేను ఎప్పుడు వస్తానా అని చూసింది. నేను కదలకపోయేసరికి మళ్ళీ దాటి వచ్చి నా పంచె మీద నీళ్ళు విదిలించింది. అక్కడి నుంచి ఇంటికి పోకుండా హచ్చొళ్ళికి పోయాను. నాకు ఒక లెక్క తేలలేదు. ఏ కుక్క, ఏ ఏడు, ఎట్లా అని.

డాక్టరమ్మ దూడకు కట్టు కడుతోంది. నా మాట విని, చేతులు కడుక్కుని బయటికి వచ్చి, వేప పుల్లతో నేల మీద ఒక గుండ్రం గీసింది. ఒక పక్క గొర్రె అంది, ఒక పక్క కుక్క అంది, మధ్యలో గడ్డి.

"ఇది ఇట్ల తిరుగుతానే ఉంటాది. మనిషి ఇందులో లేడు, దారిలో అడ్డం వచ్చి తగులుకుంటాడు. కుక్కను తోలితే ఈ చుట్టు తెగదప్పా. ఈడ తెగల్ల," అని గొర్రెకూ కుక్కకూ మధ్య పుల్లతో అడ్డంగా గీసింది. "బుగ్గ పచ్చిగా కుక్క నోట్లో పడకూడదు. లోతుగా పాతల్ల, లేకుంటే బాగా ఉడకల్ల. కుక్కకు నేను చెప్పినప్పుడంతా మాత్ర. చేతులు సబ్బుతో. సరి, మీ కరియకు వయసెంత?"

"ఇది మూడో ఎండాకాలం."

"బుగ్గ తెంకాయంత అన్నారు కదా. ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరు. కానీ అంత పెరగనీకి ఏండ్లు పడతాది. కరియ పుట్టకముందే పడిండొచ్చు."

 ఆ గుండ్రాన్ని తొక్కకుండా పక్కగా నడిచి బండి ఎక్కాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. కరియ మళ్ళీ నా వెనక రావడం చూసి పెదవి బిగించింది. నేను అరుగు కింద కూర్చుని, డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చెప్పాను.  కరియ పుట్టకముందే అన్నప్పుడు చేట ఆగింది.

"దీనికి ముందు ఉండింది సింగడు కదా," అంది.

"ఊఁ."

"సింగనికి ముందు ఎర్రది."

"ఊఁ."

ఆమె చేటలోని బియ్యాన్ని వేళ్ళతో అటూ ఇటూ జరిపింది. రాయి ఏరుతోందేమో అనుకున్నాను. రాయి ఏమీ తీయలేదు.

"అన్నిటికీ నేనే ఏసినా," అంది.

మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. ఏటి మాట ఎత్తలేదు. కుక్క ఉండనీ అనీ అనలేదు.

పండక్కి ముందే అంజినమ్మకు ఆపరేషను అయింది. బయటికి తీసిన దాన్ని చూస్తానని అడిగితే నర్సు నన్ను వింతగా చూసి, పెద్ద డాక్టరును అడిగి, ఒక తట్ట తెచ్చి చూపించింది. ఉడికిన గుడ్డు పైపొర మాదిరి తెల్లని తొడుగు. ద్రాక్షపండ్లంత చిన్న బుగ్గలు. ఇన్నేండ్లు ఇది ఆమెతోపాటు నాట్లకు వచ్చింది, కోతలకు వచ్చింది, బోరింగు దగ్గర వంగింది.

"చూసినావా?" అని అడిగింది అంజినమ్మ, మత్తు దిగాక.

"చూసినా."

"ఎట్లుండాది?"

చెప్పాను. కళ్ళు మూసుకుని అంతా విన్నది. "గొర్రె బుగ్గలో మాదిరి రవ్వ ఉండిందా?" అని మాత్రం అడిగింది.

పండగ పొద్దున శరణప్ప కత్తి నూరుకుని వచ్చాడు. అంజినమ్మ పొట్ట చుట్టూ గుడ్డ కట్టుకుని అరుగు మీద మంచంలో ఒరిగి కూర్చుంది. కరియను గొడ్ల పాకలో కట్టేశాను. నెత్తురు వాసనకు అది గొలుసు లాగుతూ కుయ్‌కుయ్‌మంటోంది. అమ్మ పొద్దుటి నుంచి లోపల మసాలా నూరుతోంది. మోకకు పోయే సంచి సర్దలేదని మాత్రం చూశాను. సర్దకపోవడం సరే, కుక్కను ఏం చేయమంటుందో తెలియదు. అడిగే ధైర్యం లేదు.

శరణప్ప పొట్టేలును చీల్చాడు. కార్జం శుభ్రంగా ఉంది. ఊపిరితిత్తి మీద ఒక్కటే బుగ్గ, రేగుపండంత. అలవాటుగా దాన్ని కోసి, "కరియా..." అని చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అట్లే ఆగింది. మంచం మీద అంజినమ్మను చూశాడు, నన్ను చూశాడు.

అమ్మ ఇనుప పళ్ళెం తీసుకుని లోపలి నుంచి వచ్చింది. ఏటా తెచ్చే పళ్ళెమే.

"ఇందులో ఎయ్యి శరణప్పా," అంది.

వేశాడు. మిగతా పనికిరాని ముక్కలు కూడా ఆమే ఏరుకుంది. పళ్ళెం రెండు చేతులతో పట్టుకుని పాక వైపు నడిచింది. అంజినమ్మ మంచం మీద సగం లేచింది. కరియ వెనక కాళ్ళ మీద నిలబడి తోక ఊపుతోంది. అమ్మ పాక ముందు ఆగి దాని వైపు ఒకసారి చూసి, ఆగకుండా పెరట్లోకి వెళ్ళిపోయింది.

"కేశవా, పార తీస్కరా."

తవ్వాను. మోకాలు లోతు అయ్యాక ఆపితే, "ఇంగా," అంది. తొడ లోతు అయ్యాక చూశాను. "ఇంగా." శరణప్ప గోడ మీదినుంచి చూస్తూ, "అవ్వా, బావి తవ్విస్తాండావా ఏంది?" అన్నాడు.  చాలని అనిపించాక అమ్మ పళ్ళెం బోర్లించింది. పైన సున్నం చల్లింది. నేను మన్ను పూడ్చాక, బట్టలు ఉతికే బండను ఇద్దరమూ దొర్లించి పైన పెట్టాము. అమ్మ తొట్టి దగ్గరికి పోయి పళ్ళేన్ని సలసల కాగిన నీళ్ళతో కడిగింది. అంజినమ్మ దగ్గర సబ్బు అడిగి తీసుకుని మోచేతుల దాకా రుద్దుకుంది.

కుండ ఎక్కింది. కూర బాగా ఉడికేదాకా ఆమె పొయ్యి ముందు నుంచి కదల్లేదు.

విస్తర్లు వేశాక ఎవరమూ చెయ్యి పెట్టలేదు. ఇంకా పెట్టకూడదు. అమ్మ ఇనుప పళ్ళెంలో అన్నం పెట్టి, కూర కలిపి, ముక్కలు వేళ్ళతో చిదిమి, నోటితో ఊది చల్లార్చింది. "కుక్కను ఇప్పు," అంది నాతో.

ఇప్పాను. అది పరుగెత్తుకుంటూ వచ్చి గడప దగ్గర ఆగింది. ఎప్పుడూ అక్కడే ఆగుతుంది. అమ్మ పళ్ళేన్ని గడప లోపల పెట్టి, వెనక్కి జరిగింది.

కరియ మా వైపు ఒకసారి చూసి లోపలికి కాలు పెట్టింది. అది పళ్ళెం నాకే దాకా ఆగి, అమ్మ వచ్చి అంజినమ్మ పక్కన కూర్చుని మొదటి ముద్ద కలిపింది. శరణప్ప కలిపాడు. నేను కలిపాను. పిల్లి గోడ దిగి వచ్చి మా మధ్య కూర్చుంది.  ఖాళీ అయిన ఇనుప పళ్ళెం కరియ నాలుక కింద బండ మీద జరుగుతూ ఉంది. ఆ చప్పుడు వింటూ తిన్నాము.